ఆటలకి తోడు ఎవరొస్తారండి?

రిటైరైనవాళ్ళు "వెనక్కి తిరిగి చూసుకుంటే" అని మొదలుపెడతారు. నేను వెనక్కి తిరగలేను. మోకాలు ఒప్పుకోదు. నా ఈడువాళ్ళకి ఇంకా పెళ్ళిచూపులు జరుగుతుంటే నాకు మాత్రం బడిలో సన్మానం చేసి, దండేసి, ఇంటికి పంపేశారు. ఇప్పుడు మా మావయ్య రొయ్యల మేత కొట్లో కూర్చుంటున్నాను. కూర్చునే పని దొరికిందని నాకంటే డాక్టరు గారే ఎక్కువ సంతోషించారు.

నా స్థానంలోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. డిగ్రీ ఉంది, మెడల్స్ ఉన్నాయి, రెండు మోకాళ్ళూ ఉన్నాయి. మొన్న కొట్టుకొచ్చి, ఈ ఉద్యోగంలో ముఖ్యంగా ఏం తెలుసుకోవాలి సార్ అని అడిగింది. మేత బస్తాల మధ్య నిలబెట్టి చెప్పే సంగతి కాదు, రాసిస్తానమ్మా అన్నాను. అనేసి మర్చిపోదామనుకున్నాను. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఈ ఉద్యోగానికి పనికొస్తుంది.

పీఈటీ అంటే ఆటలు నేర్పేవాడని బయట అనుకుంటారు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ డ్రిల్లు మాస్టారు అనే అంటారు. ఆడడం పిల్లలకి మనం నేర్పక్కర్లేదు, గీత ఎక్కడుందో చూపిస్తే చాలు. అసలు ఉద్యోగం మనుషుల్ని అడగడం. పోటీలు పెడితే సున్నం గీతలు గీయడానికి మనిషి కావాలి. నీళ్ళ డ్రమ్ము దగ్గర మనిషి కావాలి. స్కోరు రాయడానికి, టైము చూడడానికి, పడ్డ పిల్లాడికి మందు రాయడానికి, "మావాడు అవుట్ కాలేదు" అని కోర్టులోకి దూకే తండ్రిని నడుం పట్టుకుని ఆపడానికి మనుషులు కావాలి. బడి తరఫున ఉన్నది నేనొక్కణ్ణి. మిగతావాళ్ళని ఊళ్ళోంచి తెచ్చుకోవాలి, జీతం లేకుండా, ఎండలో, పని మానుకుని వచ్చేలా. అందుకని గుమ్మం గుమ్మం ఎక్కాలి. నా మోకాలు కబడ్డీలో పోయిందని అందరూ జాలిపడతారు. నిజానికి అది గుమ్మాలెక్కి పోయింది.

శాలువా ఎప్పుడు కప్పాలి

మా హెడ్మాస్టారు గారు మంచి మనిషి. ఏ పని చెప్పినా "ఊళ్ళో బోలెడంత మంది ఉన్నారు కదయ్యా" అనేవారు. ఆ బోలెడంత మందిలో ఆయన ఒకరని ఆయనకి ఎప్పుడూ తోచలేదు.

మండల స్థాయి పోటీలు మా బడి గ్రౌండులో పెట్టినప్పుడు ఊళ్ళో పెద్దమనుషుల్ని ఆరుగురిని సాయానికి పిలిచాను. అందరూ వచ్చారు. అది చూసి హెడ్మాస్టారు గారికి ఉత్సాహం వచ్చేసింది. ముందే సత్కరిస్తే హుషారుగా పనిచేస్తారయ్యా అని పొద్దున్నే అందరికీ శాలువాలు కప్పించారు.

దయచేసి గుర్తుపెట్టుకోండి. మన గోదారి జిల్లాల్లో శాలువా కప్పిన మనిషి ఆ రోజుకి ఇక కిందికి దిగడు. దిగితే శాలువాకి అవమానం. ఆరుగురూ స్టేజీ మీద కుర్చీల్లో కూర్చున్నారు. నేను లాంగ్ జంప్ గుంటకీ ఖోఖో కోర్టుకీ మధ్య పరిగెడుతుంటే, "మాస్టారు చాలా కష్టపడుతున్నారండి" అని మైకులో నన్ను మెచ్చుకున్నారు. రన్నింగ్ రేసులో ఎవరు గెలిచారో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. గీత దగ్గర మనిషి లేడు. ముగ్గురికి ఫస్టు ప్రైజు ఇచ్చి పంపేశాం.

మరుసటేడు బుద్ధి తెచ్చుకుని, సన్మానం సాయంత్రం అన్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కొక్కరే జారుకున్నారు. సాయంత్రానికి శాలువాలు మిగిలాయి. వాటిని పిల్లలు చలికాలం హాస్టల్లో కప్పుకున్నారు. నా సర్వీసులో శాలువా వల్ల జరిగిన ప్రయోజనం అదొక్కటే.

తినిపించి ఓడించడం

ఇంకో సంగతి. మా వైపు మనిషిని తాడు పట్టుకోమంటే నడుం నొప్పి అంటాడు. వంద మందికి వంట చెయ్యమంటే అదే నడుంతో గాడిపొయ్యి తవ్వుతాడు. అన్నం పెట్టడానికి వాలంటీర్లని వెతకక్కర్లేదు, ఆపుకోవాలి.

ఒకసారి పక్క మండలం నుంచి మగపిల్లల వాలీబాల్ టీము వచ్చింది. మ్యాచ్ తొమ్మిదిన్నరకి. టిఫిను బాధ్యత మా ఊరి రైతు ఒకాయనకి అప్పచెప్పాను. ఇడ్లీ చాలండి, తేలిగ్గా ఉంటుంది అని చెప్పాను. మన ఊరొచ్చిన పిల్లలకి ఇడ్లీ పెట్టి పంపిస్తామా అని ఆయన పెసరట్టు ఉప్మా వేయించాడు. నెయ్యి ఆయనే స్వయంగా వడ్డించాడు. పిల్లలు వద్దంటే బతిమాలాడు. ఆ పైన పూతరేకులు. పిల్లలు కోర్టులో సర్వీసు వచ్చినప్పుడల్లా దాన్ని గౌరవంగా చూసి పక్కకి తప్పుకున్నారు. వాళ్ళ మాస్టారు నా దగ్గరకొచ్చి, ఇలా ఓడించడం ఎక్కడా చూళ్ళేదండి అన్నాడు. కుట్ర అనుకున్నాడు పాపం. కుట్రకి కూడా ఎవరో ఒకరు కాస్త పని చెయ్యాలి కదా. మాకు అంత శక్తి లేదు. అది వట్టి మర్యాద.

ఇవి రెండూ నవ్వుకునే కథలు. అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది.

కాదనని ఊరు

మా ఊరు ద్రాక్షారామం నుంచి కోటిపల్లి వైపు వచ్చే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. మా ఊళ్ళో ఎవర్నైనా ఏదైనా అడగండి, కాదు అనరు. అలాగేనండి అంటారు. చూద్దారండి అంటారు. ఎంతమాటండి అంటారు. గుమ్మంలోకి వచ్చిన మనిషి మొహం మీద లేదని చెప్పడం మాకు చేతకాదు. అందులో చెడ్డ ఏమీ లేదు. ఎదుటివాణ్ణి చిన్నబుచ్చకూడదని. అయితే అలాగేనండి అన్నవాళ్ళందరూ వస్తారా అంటే, వస్తామని వాళ్ళూ అనుకోరు. మనం నమ్ముతామనీ అనుకోరు.

దీనికి తోడు ఇంకో పద్ధతి ఉంది. ఒకసారి అలాగే అన్న మనిషిని మళ్ళీ వెళ్ళి అడగకూడదు. "మాట ఇచ్చాక మళ్ళీ అడుగుతాడేంటి, నమ్మకం లేదా" అని బాధపడతారు. వాళ్ళు మర్యాదకి ఒప్పుకుంటారు, మనం మర్యాదకి నోరు మూసుకుంటాం. రెండు మర్యాదలూ కలిసి బస్టాండులో పిల్లల్ని నిలబెడతాయి.

సునీత విషయంలో అదే జరిగింది.

సునీత మా బడిలో పదో తరగతి. కబడ్డీ ఆడపిల్లల టీముకి కెప్టెన్. కూతకి వెళ్తే ఎదుటి టీము పిల్లలు ముందే బయటికి చూసేవాళ్ళు, ఎలాగూ అక్కడికే వెళ్ళాలి కదా అని. వాళ్ళ నాన్న యేసురత్నం కొబ్బరి దింపు తీస్తాడు. చెట్టు మీద ఉన్నంతసేపూ ఆయనకి భయం ఉండదు, నేల మీదకి దిగితే అన్నీ భయమే. వాళ్ళమ్మ కువైట్‌లో ఒకళ్ళింట్లో పనిచేస్తోంది. పిల్ల చదువు కోసమే వెళ్ళింది. ఆటలో పేరొస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటొస్తుంది, ఇంటర్ అక్కడ చదవచ్చు. రాకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. అమ్మ వెళ్ళిన దారి ఇంట్లో అందరికీ తెలుసు.

టీము డివిజన్‌లో గెలిచింది. జిల్లా పోటీలు అమలాపురంలో, రెండు రోజులు. అక్కడ బాగా ఆడిన వాళ్ళని రాష్ట్రానికి ఎంపిక చేస్తారు. నిబంధన ఏంటంటే ఆడపిల్లల టీముతో ఒక ఆడమనిషి వెళ్ళి, రాత్రి వాళ్ళతోనే ఉండాలి. మంచి నిబంధన. నేనూ ఒప్పుకుంటాను. పెట్టినవాళ్ళు ఆ ఆడమనిషిని కూడా పంపిస్తే ఇంకా బాగుండేది. మా బడిలో ఉన్న ఇద్దరు మేడమ్స్‌లో ఒకరు పురుటి సెలవు, ఇంకొకరికి అదే వారం ట్రైనింగు. హెడ్మాస్టారు గారు ఊళ్ళో బోలెడంత మంది ఉన్నారు కదయ్యా అన్నారు.

యేసురత్నం ఒకటే మాట చెప్పాడు. "ఆడోళ్ళెవరన్నా తోడుంటే పంపిత్తానండి. లేపోతే వద్దండి. వాళ్ళమ్మకి నేనేం చెప్పుకోనండి."

అప్పటికి ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయింది. తీరిక మాత్రం ఇంకా ఉచితం కాలేదు.

నేను ఊళ్ళో ఐదుగురిని అడిగాను. డ్వాక్రా లీడరు గారు, అంగన్‌వాడీ టీచరు గారు, మాతో పనిచేసే మాస్టార్ల భార్యలు ఇద్దరు, చర్చి పాస్టరమ్మ గారు. ఐదుగురూ అలాగేనండి అన్నారు. పాస్టరమ్మ గారైతే, తప్పకుండా బాబూ, ప్రార్థన చేస్తాను అని కూడా అన్నారు. ఒకళ్ళు చాలు, ఐదుగురున్నారు, ఎవర్ని వద్దనాలా అని ఆలోచించాను. అంత తెలివితక్కువవాణ్ణి ఈ డెల్టాలో పుట్టినవాణ్ణి కాబట్టే అయ్యాను. వేరే చోట పుట్టుంటే అనుమానం వచ్చేది.

ఆరో మనిషిని కూడా అడిగాను. వరలక్ష్మి గారు. గ్రౌండు గోడ పక్కనే ఇల్లు. వాళ్ళ రేకుల మీద బంతి పడితే అది మళ్ళీ మాకు దక్కేది కాదు. మెట్ట ప్రాంతం నుంచి కోడలుగా వచ్చిన మనిషి. ఆవిడ మాట కటువని ఊరంతా అనుకునేది, మెట్టవాళ్ళు అంతేలే అని సర్దుకునేది. నేను గుమ్మంలో నిలబడి అడిగాను. ఆవిడ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా, "రానయ్యా" అన్నారు. అంతే. కూర్చోమనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. నాకు మొహం మీద తలుపేసినట్టైంది. దణ్ణం పెట్టి వచ్చేశాను. అలాగేనండి అన్న ఐదుగురి దగ్గరా టీ తాగాను కదా, అందుకని వాళ్ళే వస్తారనుకున్నాను.

మనిషి తప్ప అన్నీ వచ్చాయి

బయల్దేరే రోజు పొద్దున్న సెంటర్లో పిల్లలు సంచులతో నిలబడ్డారు. యేసురత్నం పని మానుకుని వచ్చి, సైకిలు పట్టుకుని కొంచెం దూరంగా నిలబడ్డాడు. ఎవరొస్తున్నారో కళ్ళారా చూసి వెళ్దామని.

ముందు డ్వాక్రా లీడరు గారి భర్త స్కూటర్ మీద వచ్చాడు. పెద్ద గిన్నెడు పులిహోర దింపాడు. ఆవిడకి లోన్ల మీటింగు ఉందట, పిల్లలు దారిలో తినాలని తెల్లారుజామునే లేచి చేసిందట. తర్వాత అంగన్‌వాడీ టీచరు గారు అరటిపళ్ళ గెల పంపించారు. మాస్టార్ల భార్యల దగ్గర్నుంచి ఫోన్లు వచ్చాయి. ఇద్దరూ బాధపడ్డారు, ఇద్దరికీ చుట్టాలొచ్చారు. చివరికి పాస్టరు గారు నడుచుకుంటూ వచ్చారు. అమ్మగారు వస్తున్నారా అండి అని అడిగాను. ఆయన చిరునవ్వుతో పిల్లలందర్నీ గుండ్రంగా నిలబెట్టి, ప్రయాణం క్షేమంగా జరగాలని ప్రార్థన చేసి, నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

పులిహోర ఉంది, అరటిపళ్ళు ఉన్నాయి, ప్రార్థన కూడా అయింది. మనిషి తప్ప అన్నీ వచ్చాయి.

అందులో ఎవర్నీ తప్పు పట్టలేను. తెల్లారుజామున లేచి పులిహోర కలిపిన మనిషికి పిల్లల మీద ప్రేమ లేదంటే నా కళ్ళు పోతాయి. బస్సు వచ్చింది. డ్రైవరు కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

"పోనీలెండి మాస్టారండి," అన్నాడు యేసురత్నం. సునీత సంచి తీసి సైకిలుకి తగిలించాడు. ఆయన గొంతులో కోపం ఉంటే బాగుండేది. లేదు.

సునీత ఏడవలేదు. మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టింది. అవి బడి బూట్లు. తిరిగిచ్చేయాలి కదా.

అప్పుడు నాకు బుద్ధి వెలిగింది అని రాయాలి ఇక్కడ. వెలగలేదు. అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఆ ఊళ్ళో నాకు ఎవరి మాట మీదా నమ్మకం లేకుండా పోయింది, ఒక్కరి మాట మీద తప్ప. రాను అని చెప్పి, చెప్పినట్టే రాని మనిషి ఒక్కరే ఉన్నారు. విప్పద్దమ్మా, ఆగు అని సునీతతో చెప్పి వరలక్ష్మి గారింటికి వెళ్ళాను.

ఆవిడ నన్ను చూడగానే, "బంతి పడలేదే," అన్నారు.

బంతి కోసం కాదండి అన్నాను. ఎందుకు రారండి అని అడిగాను. మొదటిసారే అడగాల్సిన ప్రశ్న. ఊళ్ళో ఎవరూ కాదనరు కాబట్టి, ఎందుకు అని అడిగే అలవాటు నాకు లేదు.

ఆవిడ పక్కకి తప్పుకుని లోపలికి చూపించారు. మంచం మీద వాళ్ళ అత్తగారు. పక్షవాతం. "రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. లేకపోతే ఒళ్ళు పుళ్ళు పడుతుంది. నేను అమలాపురం వస్తే ఈవిడ్ని ఎవరు తిప్పుతారు, మా ఆయనకి చేతకాదు, నువ్వు తిప్పుతావా? ఇప్పుడిప్పుడే కునుకు పడుతుంది, నీ పిల్లలు రేకుల మీద బంతి వేస్తారు. బంతి ఇవ్వలేదని ఊరంతా చెప్తావు."

నేనలా ఊరంతా చెప్పినమాట నిజమే.

కానీ ఆవిడ నాకు ఇచ్చింది మంచి వస్తువు. అలాగేనండి అనేదానితో ఏమీ చెయ్యలేం, దాని మీద కూర్చుని టీ తాగడమే. రాను, ఎందుకంటే ఇదిగో ఈ పని ఉంది అంటే, ఆ పని ఇంకొకళ్ళకి ఇవ్వచ్చు. ఊరు దాటి రాత్రి వేరేచోట పడుకోలేని ఐదుగురు మర్యాదస్తులు నా దగ్గర ఉన్నారు. పది ఇళ్ళ అవతలికి వచ్చి ఒక ముసలావిడ పక్కన కూర్చోవడానికి వాళ్ళకి ఏ మీటింగూ అడ్డు రాదు. అక్కడ నిలబడే ఫోన్లు చేశాను. ఈసారి రెండోసారి అడిగాను, మూడోసారీ అడిగాను, ఏ పూట ఎవరో చెప్పించుకున్నాను. డ్వాక్రా లీడరు గారు ఫోను పెట్టేసేలోపు వీధి చివర కనిపించారు. ఆవిడ వెనకే పాస్టరమ్మ గారు, నా కళ్ళలోకి చూడకుండా.

వరలక్ష్మి గారు వాళ్ళిద్దరికీ అత్తగారిని ఎలా తిప్పాలో చూపించారు. చూపించినట్టు చేయించి చూశారు. తర్వాత చీర మార్చుకుని వచ్చి, "బస్సు ఎక్కడ?" అన్నారు.

బస్సు లేదు. రెండు ఆటోల్లో కోటిపల్లి వెళ్ళి, పంటు మీద గోదారి దాటి, అవతల మళ్ళీ ఆటోలు ఎక్కి గ్రౌండుకి చేరేసరికి మా మ్యాచ్ టైము దాటిపోయింది. టైముకి కోర్టులో లేకపోతే ఎదుటి టీము గెలిచినట్టు రాసేస్తారని పిల్లలకి తెలుసు. నేను పరిగెడుతూ, అంటే ఒక కాలు పరిగెడుతూ, టేబుల్ దగ్గరకి వెళ్ళాను. అక్కడున్నాయన టీ తాగుతూ, "కంగారుపడకండి, అవతలి టీమూ ఇంకా రాలేదండి," అన్నాడు. "వాళ్ళకి తోడు వస్తామన్న మేడమ్ రాలేదంట."

జిల్లా అంతా ఒకటే మర్యాద.

ఫ్లెక్సీలో సునీత

తోడు మనిషిగా వరలక్ష్మి గారు ఎలా ఉన్నారంటే, మొదటి మ్యాచ్‌లో ఆవిడకి రూల్సు తెలియవు కాబట్టి రెఫరీతో పోట్లాడారు. రెండో మ్యాచ్‌కి రూల్సు తెలిసిపోయాయి కాబట్టి ఇంకా ఎక్కువ పోట్లాడారు. రాత్రి పిల్లల గది తలుపుకి అడ్డంగా చాప వేసుకుని పడుకున్నారు. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా పిల్లలకి ధైర్యం చాల్లేదు. మొదటి మ్యాచ్ గెలిచాం, రెండోది పోయింది. కానీ సునీత రెండింట్లోనూ ఎంత ఆడాలో అంతా ఆడింది. రాష్ట్ర పోటీలకి ఎంపికైన పేర్లలో సునీత పేరు చదివారు.

ఊళ్ళో వరలక్ష్మి గారి అత్తగారి దగ్గర రెండు రోజులూ పేరంటంలా జరిగిందట. కోడలు తిరిగి వచ్చాక ఆవిడ అడిగిన మొదటి మాట, మళ్ళీ ఎప్పుడెళ్తావే అని.

హెడ్మాస్టారు గారు సెంటర్లో ఫ్లెక్సీ కట్టించారు. అందులో ఆయన ఫొటో పెద్దది. సునీతది స్టాంపంత. నేను లేను. ఉండాలని కాదు, ఊరికే చెప్తున్నాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఓడిపోతే ఇంటికెళ్ళి పడుకోవచ్చు. గెలిస్తే మళ్ళీ గుమ్మాలెక్కాలి. రాష్ట్ర పోటీలు ఏజెన్సీలో ఒక ఊళ్ళో. మూడు బస్సులు మారాలి, ఆఖరిది ఘాట్ రోడ్డు. నాలుగు రోజులు. పిల్లతో బడి తరఫున ఒక ఆడమనిషి. వరలక్ష్మి గారిని అడిగితే రాను అన్నారు. ఎందుకండి అన్నాను. రెండు రోజులు వచ్చినవాళ్ళందరికీ టీలు పెట్టలేక మా ఆయన మంచం ఎక్కాడు, నాలుగు రోజులైతే ఇద్దర్ని తిప్పాలి అన్నారు. న్యాయమే.

నాకు అప్పటికే ఓపిక అయిపోయింది. డాక్టరు గారు మెట్లు వద్దన్నారు. మా ఊళ్ళో మెట్లు లేని గుమ్మం లేదు. బడి అరుగు మీద కూర్చుని ఆ మాటే యేసురత్నంతో చెప్పాను. ఆయన, ఎవర్ని అడగాలో చెప్పండి, నేనడుగుతానండి అన్నాడు. యేసురత్నం తన జన్మలో ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు. దింపు కూలి కూడా ఇచ్చినంత పుచ్చుకుంటాడు.

యేసురత్నం అడగడం

ముందు పాస్టరమ్మ గారింటికి వెళ్ళాం. యేసురత్నం వెళ్ళే చర్చే అది. నేను గేటు దగ్గరే ఆగి, గేటుని ఊతంగా పట్టుకున్నాను. ఆయన మెట్టు కింద నిలబడి, తువ్వాలు చేతిలోకి తీసుకుని, పాపకి తోడు రావాలండి అన్నాడు.

"అలాగే యేసురత్నం," అన్నారు పాస్టరమ్మ గారు. "ప్రార్థన చేద్దాం."

మామూలుగా అయితే అక్కడితో అయిపోతుంది. దణ్ణం పెట్టి వచ్చేస్తాం. యేసురత్నం కదల్లేదు.

"ఆయ్. ప్రార్థన చేద్దారండి," అన్నాడు. "వత్తారాండి?"

ఆ వీధిలో ఆ ప్రశ్న ఎవరూ ఎవర్నీ అడిగి ఉండరు. ఆవిడ పైట సర్దుకున్నారు. గేటు దగ్గర నన్ను చూశారు. నేను గేటుకున్న రంగు పరిశీలిస్తున్నట్టు నిలబడ్డాను.

"రాలేపోతే రాలేనని చెప్పండమ్మగారండి. నేనేం అనుకోనండి. వాళ్ళమ్మ సాయంత్రం ఫోను చేత్తాదండి. ఏదో ఒకటి చెప్పాలండి."

ఆవిడ లోపలికి ఒకసారి చూసి, ఒక మెట్టు దిగి, గొంతు బాగా తగ్గించి చెప్పారు. "నాకు బస్సు పడదు యేసురత్నం. ఎక్కితే వాంతులు. రామచంద్రపురం కూడా వెళ్ళలేను. ప్రార్థన కూటాలకి పిలుస్తారు, ఒంట్లో బాగోలేదని చెప్తుంటాను. పాస్టరు గారి భార్య బస్సులో అందరి ముందూ అలా చేసుకుంటే ఏం మర్యాదగా ఉంటుంది చెప్పు."

ఇన్నేళ్ళు ఆవిడకి ప్రయాణాలంటే వైరాగ్యమని ఊరంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. నిజం వాంతుల కవరంత ఉంది.

"అంతేనాండి?" అన్నాడు యేసురత్నం. ఆయన మొహంలో అంత వెలుగు చెట్టు మీద ఉన్నప్పుడు కూడా చూళ్ళేదు. "వాళ్ళమ్మకీ అంతేనండి. కువైట్ ఎల్లేటప్పుడు హైదరాబాద్ దాకా బస్సులో ఒకటే వాంతులండి. పాపే పక్కన కూచుని కవరు పట్టుకుందండి, తెల్లార్లూ. ముందు సీట్లో కూచోబెట్టి, నిమ్మకాయ చేతికిచ్చి, కిటికీ తీత్తాదండి. దానికి తెలుసండి. మీకేం భయం లేదండి."

ఆవిడ ఈసారి అలాగే అనలేదు. "ఏ రోజు?" అన్నారు.

నేను గేటు వదిలేసి ఇంటికి బయల్దేరాను. ఆ మనిషికి నేర్పడానికి నా దగ్గర ఇంకేం లేదు. మరుసటి నెలలో ఉద్యోగం వదిలేశాను. యేసురత్నాన్ని పీఈటీగా పెట్టుకోమని హెడ్మాస్టారు గారికి చెప్పి చూశాను. నవ్వారు. నేను నవ్వలేదు.

సునీత సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సస్పెన్సు పెట్టడం నాకు చేతకాదు. రాష్ట్ర పోటీల్లో జిల్లా టీముకి మూడో స్థానం. పిల్లకి స్పోర్ట్స్ హాస్టల్లో సీటొచ్చింది, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. అక్కడ అన్నం బాగోదట. ఫోను చేసినప్పుడల్లా ఆట గురించి తక్కువ, సాంబారు గురించి ఎక్కువ మాట్లాడుతుంది. కాబట్టి బాగానే ఉన్నట్టు.

వాళ్ళు బయల్దేరిన రోజు మాత్రం సెంటర్‌కి వెళ్ళాను. పాస్టరమ్మ గారు అందరికంటే ముందు వచ్చి నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చీర, చేతిలో బైబిలు, రెండో చేతిలో నిమ్మకాయ. సునీత ఆవిడ్ని ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి, కిటికీ అద్దం తీసి, తను పక్కన కూర్చుని ఒళ్ళో కవరు విప్పి పెట్టుకుంది. యేసురత్నం కింద నిలబడి అదంతా చూశాడు. ఈసారి సైకిలు దూరంగా పెట్టలేదు, బస్సుకి ఆనించాడు. కండక్టరు తిట్టాడు.

ఆ కండక్టరే ఆధార్ కార్డులు చూసి సున్నా టికెట్లు కొడుతూ, ఈ పిల్లతో పెద్దవాళ్ళెవరండి, ఎవరు చూసుకుంటున్నారు అని అడిగాడు. పాస్టరమ్మ గారు నిమ్మకాయ ఉన్న చెయ్యి పైకెత్తారు. బైబిలు ఒళ్ళో పెట్టి ఇంకో చేత్తో నోరు గట్టిగా మూసుకున్నారు. సునీత కవరు ముందుకు పట్టింది.

డ్రైవరు ఇంకా బస్సు స్టార్ట్ చెయ్యలేదు.